జమేదారును బంట్రోతు అనొచ్చా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక మాట కోసం వచ్చాను. ఆ మాట జమేదారు.

మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు శాపర్స్‌లో చేశాడు. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం వాళ్ళ పని. బర్మా దాకా పోయి వచ్చాడు. ఇంటికొచ్చేటప్పటికి ఆయన జమేదారు. డిశ్చార్జి కాగితం ఇప్పటికీ మా నాయన ట్రంకు పెట్టెలో ఉంది. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది కాబట్టి ఆ కాగితంలో మా ఊరికి గుంటూరు జిల్లా, ఒంగోలు తాలూకా అని ఉంటుంది.

మొన్న మా వైపు నుంచి యుద్ధానికి పోయినవాళ్ళ వివరాలు ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేశారు. మంచి ఉద్దేశంతోనే వేశారు. అందులో మా తాత పేరుకు ఎదురుగా ‘ఆఫీసు బంట్రోతు’ అని పడింది. ఇంగ్లీషు కాగితంలో జమేదారు అని ఉంటే ఎవరో నిఘంటువు చూసి అలా తెలుగు చేశారు. మా నాయనకు 78 ఏళ్ళు. ఆ పేజీ చదివి, పుస్తకం మూసి పక్కన పెట్టాడు. రాత్రి అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు.

బంట్రోతు పని తక్కువదని నేననడం లేదు. మా తాత చేసింది ఆ పని కాదు. సవరణ పంపమన్నారు, పంపాలి. ఏమని రాయాలి? ‘సైనికాధికారి’ అంటే సరిపోతుందా? లెఫ్టినెంటుకు సమానం అనొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కావలి నుంచి, తెలుగు లెక్చరర్‌ని

తమ్ముడూ, నిఘంటువు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పింది. జమాత్ అంటే గుంపు, దార్ అంటే కలిగినవాడు. గుంపును నడిపేవాడు జమేదారు. సైన్యంలో పుట్టిన ఈ మాట తర్వాత కచేరీలకు వచ్చి, బంట్రోతుల మీద పెద్దకు పేరైంది. కలెక్టరు గారి ముందు డవాలు వేసుకుని నడిచే దఫేదారు కూడా అలా వచ్చినవాడే. గుర్రపు దళంలో దఫేదారు అంటే పదాతి దళంలో హవల్దారుకు సమానం.

ఇంకో సంగతి చూడు. బంట్రోతు కూడా సైనికుడే. బంటు, రౌతు కలిసి బంట్రౌతు అయింది. బంటు కాలినడకన పోరాడేవాడు, రౌతు గుర్రం మీద పోరాడేవాడు. దానికి ఇంగ్లీషువాళ్ళు వాడిన ప్యూన్ అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చింది, దానికీ మొదటి అర్థం కాల్బలంలో సిపాయే. చదరంగంలో మనం బంటు అంటాం, వాళ్ళు పాన్ అంటారు. ఆ పాన్, ఈ ప్యూన్ ఒక వేరు నుంచి వచ్చినవే. యుద్ధం చేసిన మాటలన్నీ ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు మీదికి చేరాయి. ఎందుకలా జరిగిందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

గిద్దలూరు నుంచి, రిటైర్డ్ సుబేదార్‌ని

బాబూ, నీ బాధ నాకు తెలుసు. నేను సుబేదార్‌గా దిగానంటే మా ఊళ్ళో ఒకాయన “ఆఫీసరా, కాదా, ఒక్క ముక్కలో చెప్పు” అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పలేను.

జమేదారు అన్న హోదా 1965 దాకా ఉంది. ఆ ఏడు దాని పేరు నాయిబ్ సుబేదార్‌గా మార్చారు. మెట్టు అదే, పేరు మారింది. కింది నుంచి చెబుతా: సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్. ఆ పైన నాయిబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. ఈ ముగ్గురినీ ఇప్పుడు జేసీవోలు, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు అంటారు. వీళ్ళ పైన లెఫ్టినెంట్ నుంచి ఆఫీసర్లు మొదలవుతారు. మీ తాత కాలంలో ఈ ముగ్గురికీ కమిషన్, అంటే హోదా ఇచ్చే పత్రం, వైస్రాయి పేరు మీద వచ్చేది. తెల్లదొరలకు రాజు పేరు మీద వచ్చేది. 1932లో డెహ్రాడూన్ అకాడమీ పెట్టాక మనవాళ్ళకూ అక్కడి నుంచి కమిషన్ దొరికింది గానీ యుద్ధం నాటికి వాళ్ళు తక్కువే.

బ్రిటిష్ పటాలంలో ప్లటూన్‌ను, అంటే ముప్పైమంది దాకా ఉండే దళాన్ని, లెఫ్టినెంటు నడుపుతాడు. మన పటాలాల్లో జమేదారో సుబేదారో నడిపేవాడు. పని చూస్తే మీ తాత లెఫ్టినెంటు పని చేశాడు. హోదా చూస్తే పాతికేళ్ళ సర్వీసున్న సుబేదార్ మేజర్ అయినా నిన్న చేరిన కుర్ర లెఫ్టినెంటుకు సెల్యూట్ కొట్టాల్సిందే. కాబట్టి ‘లెఫ్టినెంటుకు సమానం’ అని రాయొద్దు. అది నిజం కాదు, మీ తాతే ఒప్పుకోడు.

మళ్ళీ నేనే, చీమకుర్తి

సుబేదార్ గారూ, మీరు చెప్పింది చదివాక రాత్రంతా అదే ఆలోచన. లెక్చరర్ మేడమ్ అడిగిన ‘ఎందుకలా’కు జవాబు అందులోనే ఉందనిపించింది.

సుబేదారు అంటే మొదట ఎవరు? మొగలుల కింద ఒక సుబాను, అంటే ఒక రాష్ట్రాన్ని ఏలేవాడు. హైదరాబాదు రాజ్యం పెట్టుకోకముందు మొదటి నిజాం దక్కను సుబేదారు. హవల్దారు అంటే మరాఠాల కోటకు అధిపతి. నాయకుడు అంటే విజయనగర కాలంలో నాడుల మీద పెత్తనం, సొంత సైన్యం ఉన్న అమరనాయకుడు. మన నెల్లూరు ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనక్కి వస్తే భార్య అన్నదని చెప్పుకునే చాటువులో ‘నగరే నిను మగతనంపు నాయకు లెందున్’ అని ఉంటుంది. అక్కడ నాయకుడంటే వీరుడు, సేనను నడిపేవాడు. అదే మాట ఇప్పుడు నాయక్ అయి, చేతి మీద రెండు పట్టీలు. కంపెనీవాళ్ళు సిపాయి పటాలాలు కట్టుకున్నప్పుడు మన పెద్ద మాటలన్నీ తీసుకుని తమ అతి చిన్న ఆఫీసరు కింద వరసగా పెట్టారు. సుబాను ఏలినవాడి పేరు లెఫ్టినెంటు కిందికి వచ్చింది.

ఐరోపాలో ఇదే తిరగబడింది. మార్షల్ అన్న మాటకు పాత జర్మన్‌లో అర్థం గుర్రాలు చూసే సేవకుడు. ఆ మాట ఎక్కి ఎక్కి ఫీల్డ్ మార్షల్ అయింది. వాళ్ళ దగ్గర కింది మాట పైకి పోయింది, మన దగ్గర పైమాట కిందికి దిగింది. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది.

నెల్లూరు, మాగుంట లేఅవుట్ నుంచి

నేను అనువాదాలు చేస్తుంటాను. ఇక్కడ నాకూ ఒక చిక్కుంది. యుద్ధం మీద ఒక వ్యాసంలో జర్మన్ మేజర్ జనరల్, బ్రిటిష్ మేజర్ జనరల్ ఇద్దరూ వస్తారు. ఇద్దరికీ అదే మాట వాడితే ఇద్దరూ ఒకే మెట్టు అనుకుంటారు కదా? పైగా మేజర్ లెఫ్టినెంట్ కంటే పెద్దవాడైనప్పుడు మేజర్ జనరల్ లెఫ్టినెంట్ జనరల్ కంటే చిన్నవాడెందుకయ్యాడు?

గిద్దలూరు, సుబేదార్

రెండోదానికి చెబుతా, అకాడమీలో విన్నదే. పాతకాలంలో ఆ మాట ‘సార్జెంట్ మేజర్ జనరల్’. ముందున్న సార్జెంట్ రాలిపోయింది. లెఫ్టినెంట్ అంటే ఫ్రెంచిలో ‘ఒకరి స్థానంలో ఉన్నవాడు’. జనరల్ లేనప్పుడు ఆయన చోట నిలబడేవాడు లెఫ్టినెంట్ జనరల్, ఆ తర్వాతివాడు సార్జెంట్ మేజర్ జనరల్. అందుకే ఆ వరస.

మళ్ళీ నేనే, చీమకుర్తి

మొదటిదానికి నేను చదివింది రాస్తాను. అప్పటి జర్మన్ సైన్యంలో బ్రిగేడియర్ మెట్టే లేదు. కల్నల్ దాటగానే మేజర్ జనరల్, తర్వాత లెఫ్టినెంట్ జనరల్, తర్వాత పదాతి దళ జనరల్, ఫిరంగి దళ జనరల్ లాంటివి, తర్వాత కల్నల్ జనరల్, అన్నిటి పైన ఫీల్డ్ మార్షల్. అంటే జర్మన్ మేజర్ జనరల్ మెట్టు లెక్కన బ్రిటిష్ బ్రిగేడియర్‌కు సరి. జర్మన్ లెఫ్టినెంట్ జనరల్ బ్రిటిష్ మేజర్ జనరల్‌కు సరి. యుద్ధం తర్వాత 1955లో పశ్చిమ జర్మనీ కొత్త సైన్యం పెట్టుకున్నప్పుడు బ్రిగేడ్ జనరల్ అన్న మెట్టు చేర్చింది. దాంతో మేజర్ జనరల్ ఒక మెట్టు పైకి పోయాడు. కాబట్టి అదే దేశంలో అదే మాట ఏ ఏడాదిదో చూడకుండా సమానం కట్టలేం.

సోవియట్‌లోనూ కల్నల్ తర్వాత నేరుగా మేజర్ జనరలే. విప్లవం తర్వాత వాళ్ళు హోదాల పేర్లే తీసేశారు. 1935లో మళ్ళీ పెట్టారు, జనరల్ అన్న మాట మాత్రం 1940 దాకా రాలేదు. అమెరికాలో ఇంకో తంటా. 1944లో బ్రిటిష్ మోంట్‌గోమరీ ఫీల్డ్ మార్షల్, ఆయన పైన ఉండాల్సిన ఐసెన్‌హోవర్ నాలుగు నక్షత్రాల జనరల్. ఆ డిసెంబరులో అమెరికా అయిదు నక్షత్రాల హోదా తెచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చింది జపాన్ పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధం నాటి వాళ్ళ సైన్యంలో మేజర్ షోసా, లెఫ్టినెంట్ కల్నల్ చూసా, కల్నల్ తైసా. షో అంటే చిన్న, చూ అంటే నడిమి, తై అంటే పెద్ద. జనరళ్ళూ అంతే: షోషో, చూజో, తైషో. మన ఇళ్ళల్లో చిన్నోడు, నడిపోడు, పెద్దోడు అన్నట్టే. పదాతి దళానికీ నౌకాదళానికీ అప్పట్లో అవే పేర్లు. మనం తీసుకున్న ఇంగ్లీషు వరసలో పదాతి దళం కెప్టెన్ వేరు, నేవీ కెప్టెన్ వేరు. నేవీ కెప్టెన్ అంటే ఇక్కడ కల్నల్‌తో సమానం. పేపర్లలో ఇద్దరినీ ఒకటే చేసి రాయడం చాలాసార్లు చూశాను.

కావలి, లెక్చరర్

మరి మన భారతంలో లెక్క ఎవరూ తియ్యలేదే? పత్తి అంటే ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బలం. మొత్తం పది. మూడు పత్తులు సేనాముఖం, అంటే 30. మూడు సేనాముఖాలు గుల్మం, 90. మూడు గుల్మాలు గణం, 270. మూడు గణాలు వాహిని, 810. అలా మూడింతలవుతూ పృతన, చమువు, అనీకిని. పది అనీకినులు అక్షౌహిణి. సుబేదార్ గారూ, మీ పటాలం లెక్క ఎంత?

గిద్దలూరు, సుబేదార్

అమ్మా, ఇది చదివి లేచి నిలబడ్డాను. మా పదాతి దళంలో సెక్షన్ అంటే పదిమంది. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. మూడు ప్లటూన్లు ఒక కంపెనీ, పైవాళ్ళను కలుపుకుంటే 120 దాకా. నాలుగు కంపెనీలు, ఇంకా మిగతావాళ్ళు కలిసి బెటాలియన్, సుమారు 800. మీ పత్తి మా సెక్షన్, మీ సేనాముఖం మా ప్లటూన్, మీ వాహిని మా బెటాలియన్!

కావలి, లెక్చరర్

రథానికి సారథి, ఏనుగుకు మావటి ఉంటారు కాబట్టి మనుషుల లెక్క ఇంకొంచెం పెరుగుతుంది. అయినా వరస అదే. తమ్ముడూ, మీ తాత నడిపింది ఒక సేనాముఖం. సేనాముఖపతి అని రాస్తే ఎలా ఉంటుంది?

గిద్దలూరు, సుబేదార్

వద్దమ్మా. మాట అందంగా ఉంది గానీ ఆయన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. “జమేదార్ సాబ్” అని పిలిచారు. పేరు ఉంచండి, ఎంతమందిని నడిపాడో చెప్పండి.

నెల్లూరు నుంచి

నాకూ దారి దొరికింది. జర్మన్ ఆయన్ని మేజర్ జనరల్ అనే రాసి, అదే వాక్యంలో ‘కల్నల్‌కు పైమెట్టు’ అని చేరుస్తా. ఈ సమానాల గొడవ మనకే కాదు, యుద్ధం చేసేవాళ్ళకూ ఉంది. 1929 జెనీవా ఒప్పందంలో, యుద్ధం మొదలవగానే రెండు పక్షాలూ తమ సైన్యాల్లో ఉన్న హోదాల పేర్లు ఒకరికొకరు తెలియజేయాలని ఉంది. దొరికిన ఖైదీని ఏ మెట్టులో ఉంచాలో తెలియాలి కదా. ఆఫీసరైతే పని చేయించకూడదు, సిపాయి అయితే చేయించొచ్చు. ఒక మాటకు సమానం తప్పు కడితే ఒక మనిషి రాళ్ళు మోయాల్సి వచ్చేది.

ఇంకొకటి. ఆజాద్ హింద్ ఫౌజులో షా నవాజ్ ఖాన్ మేజర్ జనరల్, సహగల్, ధిల్లాన్ కల్నళ్ళు. 1945 నవంబరులో ఎర్రకోటలో విచారణ పెట్టినప్పుడు బ్రిటిష్‌వాళ్ళు పిలిచింది కెప్టెన్ షా నవాజ్, కెప్టెన్ సహగల్, లెఫ్టినెంట్ ధిల్లాన్ అని. ఆ హోదాలను ఒప్పుకుంటే ఆ సైన్యాన్ని ఒప్పుకున్నట్టవుతుంది.

మళ్ళీ నేనే, చీమకుర్తి

అందరికీ దండాలు. సవరణ ఇలా రాశాను: ‘జమేదారు, మద్రాసు శాపర్స్. ప్లటూన్ స్థాయిలో సిపాయిలను నడిపిన హోదా. 1965 నుంచి ఈ హోదాను నాయిబ్ సుబేదార్ అంటున్నారు.’

మా నాయనకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత ట్రంకు పెట్టె తెరిచి డిశ్చార్జి కాగితం తీసి, “దీన్ని కూడా ఫోటో తీసి పంపు. మా నాయన పేరులో ఒత్తు తప్పు పడింది, అదీ సరిచేయమను” అన్నాడు.