హైదరాబాద్‌లో నమ్మదగిన సుషీ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి

అందరికీ నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా మిర్యాలగూడలో రైస్ మిల్లు పని చూస్తున్నాను. మా చిన్న తమ్ముడు మూడేళ్లు ఒసాకాలో ఉద్యోగం చేసి, వచ్చే నెల భార్యతో కలిసి ఇంటికి వస్తున్నాడు. అక్కడ తాను ఇష్టపడి తినే సుషీని, అంటే అన్నం, పచ్చి చేపతో చేసే వంటకాన్ని, మేము కూడా ఒక్కసారి రుచి చూడాలని వాడి కోరిక. శంషాబాద్‌లో దిగిన మరునాడు హైదరాబాద్‌లోనే ఒక పూట ఉండి, అమ్మతో సహా అందరం కలిసి తిందామని అడుగుతున్నాడు.

నాకు జంకు ఎందుకంటే, పోయినేడాది పిల్లల ముచ్చట కోసం నగరంలో ఒక చోట సుషీ తిన్నాం. అన్నం చల్లగా, రాయిలా ఉంది. ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తే, మెత్తబడకుండా రవ్వలా పొడిపొడిగా రాలింది. చేప మీద తియ్యటి సాసు ఎంత పోశారంటే, దాని వాసన మంచిదో కాదో తెలుసుకునే వీలే లేకపోయింది. ఇంటికి వచ్చాక మా చిన్నవాడికి రెండు రోజులు కడుపు నొప్పి. దానికి ఆ తిండే కారణమని కచ్చితంగా చెప్పలేను, కానీ అప్పటి నుంచి పచ్చి చేప అంటే ఇంట్లో భయం పట్టుకుంది.

అందువల్ల మంచి చోటును తినకముందే ఎలా గుర్తుపట్టాలో తెలిసినవారు చెప్పగలరు. మా అమ్మ నీచు ముట్టదు, మరదలు ఐదో నెల గర్భవతి, కనుక వాళ్లిద్దరూ ఏం తినవచ్చో కూడా తెలియజేయండి. మరొక సందేహం కూడా ఉంది. సాగర్ నుంచి మాకు ప్రాణంతో ఉన్న కొర్రమీను వస్తుంది. అంత తాజా చేప చేతిలో ఉండగా తమ్ముడు ఇంట్లోనే సుషీ చేస్తే సరిపోదా?

జవాబు: జడ్చర్ల నుంచి

అన్నగారికి నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్ వంటగదిలో తొమ్మిదేళ్లు పనిచేశాను, అందులో నాలుగేళ్లు సుషీ కౌంటర్‌లోనే గడిచాయి. ఇప్పుడు సొంత ఊళ్లో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. మీరు మిల్లు మనిషి కాబట్టి నా మాట మీకు ఇట్టే అర్థమవుతుంది: సుషీ మంచిచెడ్డలు చేప కంటే ముందు అన్నంలోనే బయటపడతాయి. జపాన్ భాషలో సుషీ అన్న మాటకు మూలం పచ్చి చేప కాదు, పులుపు.

సుషీకి వాడేది పొట్టి గింజ జపోనికా బియ్యం. మీరు రోజూ ఆడించే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, మెతుకుకు మెతుకు విడిపోతేనే మనకు నచ్చుతుంది. జపోనికాలో అమైలోజ్ అనే రకం పిండిపదార్థం తక్కువ కనుక మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో పరిచి, వెనిగర్‌లో పంచదార, ఉప్పు కరిగించి చల్లి, మెతుకు చితికిపోకుండా తెడ్డును కత్తిలా దించుతూ కలుపుతారు, పక్కన విసనకర్రతో విసురుతూ ఉంటారు. అది ఒంటి వేడికి దిగినప్పుడు చేతిలోకి తీసుకుని ముద్ద కడతారు. వేళ్లతో ఎత్తితే చెదరకూడదు, నోట్లో పెట్టుకుంటే దానంతట అదే విడిపోవాలి. అన్నాన్ని ఫ్రిజ్‌లో పెడితే అందులోని పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. మీ వేళ్ల మధ్య రవ్వలా రాలింది బహుశా అలాంటి అన్నమే అయి ఉంటుంది. మన చద్దన్నానికి పెరుగు కలుపుకుంటే ఆ గట్టిదనం తెలియదు, సుషీలో మాత్రం దాచడానికి చోటు లేదు.

ఇక చేప సంగతి. హైదరాబాద్‌కు సముద్రం లేదు కాబట్టి ఇక్కడ సుషీ తినకూడదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పచ్చిగా వడ్డించే సముద్రపు చేపలో పురుగు పిల్లలు ఉండే అవకాశం ఉంటుంది, వాటిని చంపేది గడ్డకట్టించే చలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సూచన ప్రకారం సున్నాకు దిగువన 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు, లేదా సున్నాకు దిగువన 35 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలి. వెనిగర్‌తో గానీ సుషీతో ఇచ్చే ఘాటైన వసాబి ముద్దతో గానీ ఆ పురుగు చావదు. కాబట్టి మా చేప గడ్డకట్టించి తెచ్చినదే అని ఒప్పుకునే హోటల్ మీద నాకు నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు. అయితే చలి వల్ల పురుగు చస్తుంది గానీ సూక్ష్మక్రిములన్నీ చావవు. మంచు కరిగించాక చేపను ఎంత చల్లగా, ఎంత శుభ్రంగా ఉంచారన్నదే ఆ తరువాత ముఖ్యం.

అందరూ అడిగే సాల్మన్ చేప సుషీ పాత సంప్రదాయమేమీ కాదు. పురుగు భయంతో జపాన్ వాళ్లు తమ సాల్మన్‌ను పచ్చిగా తినేవారు కారు. 1980ల్లో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అక్కడికి తీసుకెళ్లి ప్రచారం చేసిన తరువాతే అది సుషీలోకి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో, నేటి టోక్యో అయిన ఎడో నగరంలో చేత్తో అద్దే సుషీ పుట్టినప్పుడు ఫ్రిజ్‌లు లేవు. అందుకే చేపను వెనిగర్‌లోనో సోయా సాసులోనో నానబెట్టి నిలవ చేసేవారు.

వెళ్లే ముందు ఫోన్ చేసి, అన్నం ఏ పూటకు ఆ పూట వండుతారా, చేప ఏ రోజుల్లో వస్తుంది, పచ్చి చేపకు వేరే కత్తి, వేరే పలక ఉన్నాయా అని అడగండి. సుషీ చేసేవారికే ఫోన్ ఇమ్మనండి, పని తెలిసినవారు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. బఫేలో గంటల తరబడి పరిచి ఉంచే సుషీ జోలికి మాత్రం వెళ్లకండి. మధ్యాహ్నం తలుపు తీసిన గంటలోపు వెళ్లి కౌంటర్ ముందు కూర్చుంటే, చేసేవారి చేతులు మీ కళ్లముందే ఉంటాయి. మొదట సాసు లేని సాదా ముక్క ఒక్కటి తెప్పించుకోండి. మయొనైజ్, చీజ్, వేయించిన పొడులు కప్పిన, చుట్టి కోసే రోల్స్‌తో ఏ చోటునూ అంచనా వేయలేరు.

జవాబు: నల్లగొండ నుంచి

అన్నయ్యా, నేను వైద్యురాలిని. మీ చివరి సందేహానికి ముందుగా జవాబు చెప్పాలి. దయచేసి కొర్రమీనుతో పచ్చి సుషీ చేయవద్దు. చేప ప్రాణంతో ఉన్నంత మాత్రాన అందులో పురుగు లేనట్టు కాదు. కొర్రమీను జాతి చేపల్లో గ్నాథోస్టోమా అనే పురుగు పిల్లలు ఉండవచ్చు. అవి మనిషి ఒంట్లో చర్మం కింద తిరుగుతూ వాపులు తెస్తాయి, అరుదుగా కంటికీ మెదడుకూ చేరతాయి. బొచ్చె, రవ్వ వంటి చేపలను కూడా పచ్చిగా తినకూడదు. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో ఇదే కుటుంబానికి చెందిన మంచినీటి చేపలను పచ్చిగా తినే అలవాటు వల్ల కాలేయంలో పురుగు చేరి, ఏళ్లు గడిచాక కొందరికి పిత్తనాళాల క్యాన్సర్ వస్తోంది. జపాన్‌లో బివా సరస్సు చేపతో చేసే పాతకాలపు సుషీ ఒకటి ఉంది గానీ, దాన్ని ఉప్పులో, అన్నంలో నెలల తరబడి ఊరవేస్తారు. అది వేరే విద్య.

మీ మరదలికి గర్భం నిలిచి ఉన్న ఈ రోజుల్లో పచ్చి చేప ఏదీ వద్దు. లిస్టీరియా అనే క్రిమి చలిలోనూ పెరుగుతుంది, అది బిడ్డకు ప్రమాదం. ఉడికించిన రొయ్య, కాల్చిన ఉనాగి (ఈల్ చేప), దోసకాయ రోల్ తినవచ్చు, కానీ పచ్చి చేప కోసిన కత్తితో వాటిని కోయవద్దని ముందే చెప్పండి. తన వైద్యురాలిని కూడా ఒక మాట అడగమనండి.

అమ్మగారి విషయంలో ఎక్కువమంది పొరబడేది సూప్ దగ్గరే. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మీసో సూప్ చూడటానికి పప్పుచారులా శాకాహారంగానే కనిపిస్తుంది గానీ, చాలా చోట్ల దాని అడుగు రసం ఎండు చేప తురుముతో కాస్తారు. తీపి టోఫు (సోయా పనీర్) సంచిలో అన్నం నింపే ఇనారి సుషీలో కూడా ఆ టోఫును అదే రసంలో ఉడికించి ఉండవచ్చు. దోసకాయ, అవకాడో రోల్స్ అయితే ఇబ్బంది ఉండదు. వాటిలోనూ చేప గుడ్లు చల్లవద్దని చెప్పాలి.

జవాబు: దేవరకొండ వాసి, ప్రస్తుతం హైదరాబాద్

ఎక్కడ దొరుకుతుందని అడిగారు కాబట్టి ఒక పేరు చెబుతాను. గచ్చిబౌలి వైపు షెరటన్ హోటల్‌లో జెగా అనే రెస్టారెంట్ ఉంది, అక్కడ సుషీ చేస్తారు. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్‌లో తూర్పు ఆసియా వంటల హోటళ్లు చాలానే ఉన్నాయి గానీ, వాటిలో సుషీ అనేక వంటకాల్లో ఒకటి మాత్రమే. వంటవారు మారితే రుచి కూడా మారిపోతుంది కనుక, పైన జడ్చర్ల అన్న చెప్పిన పద్ధతిలో ఫోన్ చేసి నిర్ధారించుకోవడమే మంచిది. జపాన్ వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే చెన్నైలో డాలియా, బెంగళూరులో హరిమా వంటి జపనీస్ హోటళ్లకు మంచి పేరు ఉంది, అటు వెళ్లే పని పడితే గుర్తుపెట్టుకోండి.

మిర్యాలగూడ నుంచి మీ మిగతావాళ్లు బస్సులో వస్తే ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. అమీర్‌పేటలో మారితే రాయదుర్గం వరకు వెళ్లవచ్చు, అమ్మగారికి ట్రాఫిక్‌లో కూర్చునే బాధ తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న మూడు చోట్లకు ఫోన్ చేశాను. మొదటి చోట ఆఫర్లు చెప్పారు తప్ప అన్నం సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. రెండో చోట మళ్లీ చేస్తామన్నారు, ఇంకా చేయలేదు. మూడో చోట కౌంటర్‌లో పనిచేసే అబ్బాయే ఫోన్ అందుకుని, పొద్దున పదకొండింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్నం వండుతామనీ, మిగిలినది మరుపూటకు వాడమనీ, సాల్మన్ గడ్డకట్టించినదే వస్తుందనీ నిదానంగా చెప్పాడు. ఇద్దరికి పచ్చి చేప వద్దని చెప్పగానే, వాళ్ల పళ్లెం ముందు చేసి కత్తి, పలక కడిగిన తరువాతే మిగతావి మొదలుపెడతానన్నాడు. సూప్‌లో చేప రసం ఉందని నేను అడగకముందే చెప్పాడు. గురువారం పన్నెండున్నరకు కౌంటర్ దగ్గర ఐదు కుర్చీలు పెట్టించాను.

కొర్రమీను విషయం తమ్ముడికి చెబితే, తానూ ఆ ఆలోచనలోనే ఉన్నానని ఒప్పుకున్నాడు. దాన్ని శుక్రవారం ఇంట్లో చింతపండు పోసి పులుసు పెట్టిస్తున్నాం. అమ్మ తాను తినకపోయినా, కారం ఎంత వేయాలో మాత్రం తానే చూస్తానంది.