ఇంటి కూడికలో రోమా 5:3–5: ‘నిరీక్షణ’ను ఎలా విప్పి చెప్పాలి?

ద్రాక్షతీగె:
అందరికీ వందనాలు. ఇంటి కూడిక మొత్తం 45 నిమిషాలు, వాక్యభాగం బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 5:3–5. వచ్చేవాళ్లలో పంట పోయినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు ఉన్నారు. ‘శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను’ అని చదవగానే “పడుతున్నవి చాలవా, మళ్లీ ఇంకో పరీక్షా?” అనుకుంటారు. ఎలా చెప్పాలి? చివర్లో యిర్మీయా 29:11 (దేవుడు మీకు మేలే తలపెట్టాడు, నిరీక్షణ ఇస్తాడు అనే వాగ్దానం) చదివి ముగించవచ్చా?

పాతనూనె:
చిక్కంతా ‘పరీక్ష’ అనే మాటతోనే. గ్రీకులో అక్కడున్నది ‘దొకిమే’. పరీక్ష పెట్టడం కాదు, పరీక్షకు నిలిచి గట్టిదని తేలడం. కంసాలి గీటురాయి మీద గీసి చూసి “మేలిమే” అంటాడు చూడండి, అదీ. “ఓర్పు వల్ల మనిషి నిగ్గు తేలుతుంది” అంటే ఇట్టే అర్థమవుతుంది.

ఓర్పు ‘హుపొమొనే’: బరువు కింద నుంచి తప్పుకోకుండా నిలబడటం. నోరు మూసుకుని పడి ఉండటం కాదు. మొగుడి చేతిలో దెబ్బలు తినే ఆమెకు ఈ వచనం చూపించి ఓర్చుకోమనడం తప్పు. కొరడాలతో కొట్టబోతే, నేను రోమీయుణ్ణి, విచారణ లేకుండా కొట్టవచ్చా అని పౌలే అడ్డు చెప్పాడు (అపొస్తలుల కార్యములు 22:25).

ఇక నిరీక్షణ, అంటే గట్టి ఆశ. వాడుకలో బస్సు కోసం ఎదురుచూడటం కూడా నిరీక్షణే, అందుకే మాట పలచబడిపోయింది. హెబ్రీలో దానికి ‘తిక్వా’ అంటారు. యెరికోలో ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచిన రాహాబు, తన ఇల్లు కాపాడబడేందుకు గుర్తుగా కిటికీకి కట్టిన ఎర్ర దారానికి వాడిందీ ఆ మాటే (యెహోషువ 2:18). రెండు మీటర్ల తాడు తీసుకెళ్లి ఒక కొస కిటికీ ఊచకు కట్టండి, రెండో కొస ఎవరి చేతికైనా ఇవ్వండి. వదులుగా ఉన్నంతసేపు అవతల ముడి ఉందో లేదో తెలియదు. బరువేసి లాగితేనే తెలుస్తుంది. శ్రమ నుంచి నిరీక్షణ దాకా పౌలు వేసిన వరస పిల్లలకు కూడా అందుతుంది.

అంజూరపు చెట్టు:
29:11 చదవండి, కానీ 10తో కలిపి చదవండి. బబులోను చెరలో ఉన్న జనం తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని 10లో ఉంది. క్యాలెండర్ల మీద, కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద ఆ వచనం కనబడదు మరి! 28వ అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొస్తుందన్నాడు. జనానికి నచ్చిన మాట, అబద్ధపు మాట. “ఈ సంవత్సరం మీ అప్పు తీరుతుంది” అని గడువు పెట్టేవాళ్లు చేసేది అదే పని. గడువు దాటితే జనం దేవుణ్ణే అనుమానిస్తారు. యిర్మీయా మాత్రం బబులోనులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉత్తరం రాశాడు (29:5–7).

ద్రాక్షతీగె:
తాడు సంగతి బాగుంది అన్నా. సాక్ష్యాలకు సమయం ఇవ్వాలా?

మిట్టపొలం:
ఆ రోజుకు వద్దు. “నాకు వారంలో ఉద్యోగం వచ్చింది” అని ఒకరు లేస్తే, ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉన్నవాడు తన విశ్వాసంలోనే లోపముందనుకుంటాడు.

పాటకు 5 నిమిషాలు, 13వ కీర్తనకు 10, రోమాకు 20, ప్రార్థనకు 10 పెట్టుకోండి. కీర్తన ముందే ఎందుకంటే, దావీదు మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు ‘ఎంతకాలం’ అని అడుగుతాడు. ఆ మాట వాళ్లూ అనుకోవచ్చని తెలిశాకే పౌలు మాట చెవికెక్కుతుంది. ఆ రెండు వచనాలూ చదివాక ఒక నిమిషం ఆగండి, వెంటనే ఆరో వచనంలోని పాటకు దూకొద్దు. చావు జరిగిన ఇల్లయితే 88వ కీర్తన తీసుకోండి, అది చివరిదాకా చీకట్లోనే ఉంటుంది.

రోమా 12:12లో నిరీక్షణ, ఓర్పు, ప్రార్థన వరసగా వస్తాయి. 13వ వచనంలో పరిశుద్ధుల, అంటే తోటి విశ్వాసుల అవసరాలలో పాలు పొందమంటాడు పౌలు. అక్కడిదాకా చదివి తలా ఒక చీటీ ఇవ్వండి: ఫీజా, బియ్యమా, మందులా రాస్తారు. మడిచి పెట్టెలో వేయించండి, అందరిముందు చదవొద్దు. వారంలోపు ఇద్దరు వెళ్లి కలవాలి.