పాత వంటగదిలో కడప బండలు తీసేసి ప్లైవుడ్ మాడ్యులర్ పెట్టించాలా, బండలు ఉంచి షట్టర్లు బిగిస్తే చాలా?

పెన్నా గట్టు (నెల్లూరు)
మాది వేదాయపాలెంలో పాత ఇల్లు. వంటగదిలో ఎల్ ఆకారంలో గట్టు, పైన నల్ల గ్రానైట్, కింద కడప బండలతో అడ్డాలు, అరలు. తలుపుల్లేవు, ఇన్నాళ్లూ కర్టెన్ గుడ్డలతోనే నడిపాం. ఇప్పుడు బాగు చేయిద్దామంటే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా ఆయన అంతా పగలగొట్టించి ప్లైవుడ్ డబ్బాలతో మాడ్యులర్ పెట్టిద్దామంటారు. మా అత్తయ్య బండ కదిలిస్తే ఒప్పుకోనంటున్నారు. "చెదలు పట్టనిది తీసి చెదలు పట్టేది పెడతారా" అన్నది ఆమె మాట. నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తోంది. కానీ వంగి, వెనక అరలో చెయ్యిపెట్టి గిన్నె వెతుక్కోవడం ఇక నావల్ల కాదు. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

ఒంగోలు కోడలు
తీసేయించండి అక్కా. బండల అరలతో అసలు చిక్కు లోతు. గట్టు రెండడుగుల వెడల్పు, అర లోతూ దాదాపు అంతే. ముందు వరసలో గిన్నెలే రోజూ వాడతాం, వెనకవి పండక్కి కూడా బయటికి రావు. షట్టర్లు బిగిస్తే ఆ వెనక వరస ముందుకు రాదు కదా. సొరుగైతే మొత్తం బయటికి లాగి, నిలబడే పైనుంచి చూసి తీసుకోవచ్చు. ప్లైవుడ్ అంటే భయం ఎందుకు? ఐఎస్ 710 మెరైన్ ప్లై, అంటే నీళ్లను తట్టుకునే రకం, అడగండి. దాని జిగురును 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు, చెక్కకు మందు కూడా పట్టిస్తారు. తేమను కొంతవరకే తట్టుకునే మామూలు ఎంఆర్ ప్లై వంటగదికి వద్దు. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఉండే లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది అసలుదో కాదో తేలిపోతుంది.

చీమకుర్తి రాయి
ప్లై మంచిదే, కాదనను. కానీ వంటగదిలో అది షీటుగా ఉండదు, కోసి ముక్కలు చేస్తారు. కోసిన అంచు, సింక్ పైపు కోసం తొలిచిన కన్నం, స్క్రూ దిగిన చోటు, నీళ్లు లోపలికి పోయేది వాటి గుండానే. అంచులన్నిటికీ శ్రద్ధగా పీవీసీ ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును కప్పే పట్టీ) వేసి, కన్నాల చుట్టూ సిలికాన్ పట్టించే పనివాళ్లు ఎంతమంది? సింక్ కింద జాయింటు కొంచెం కారినా మనం చూసేటప్పటికి అడుగు ఉబ్బి ఉంటుంది.

నెల్లూరు వాళ్లకు ఇంకో మాట గుర్తు చేయాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పల్లపు వీధులు మునిగాయి. మా చుట్టాల ఇంట్లో నీళ్లు దిగాక ప్లైవుడ్ డబ్బాలు విప్పి బయట పడేశారు. పక్కింట్లో కడప బండల అరలు కడిగి, ఆరబెట్టి, మళ్లీ గిన్నెలు సర్దుకున్నారు.

ఖర్చు లెక్క కూడా డబ్బాలతో ఆగదు. మీ గ్రానైట్‌ను సిమెంటు మీద పరిచి ఉంటారు. దాన్ని లేపితే సింక్ కన్నం పక్కన సన్నగా ఉన్న చోట పగిలే అవకాశమే ఎక్కువ. అంటే కొత్త రాయి కొనాలి, గోడకున్న టైల్స్‌లో కింది వరస ఊడుతుంది, పైపులు మళ్లీ వేయాలి. మా ఊరి గెలాక్సీ గ్రానైట్ మీరు కొంటే నాకు సంతోషమే, కానీ బాగున్న రాయిని పగలగొట్టి కొనమని చెప్పలేను.

ఒంగోలు కోడలు
వరద మాట సరే. ఒక్క వరద కోసం రోజూ నడుం వంచాలా? ఇంట్లో వంట చేసే మనిషి ఒంటికి కూడా ఒక లెక్క ఉండాలి. బండలు ఉంచమనేవాళ్లలో ఆ అరల ముందు రోజూ కూర్చుని లేచేవాళ్లు ఎంతమందో అడగాలనిపిస్తుంది.

ఉలీ బాడిసా (కావలి)
నేను వడ్రంగి పని చేస్తాను, మాడ్యులర్ కూడా బిగిస్తాను. బండలన్నీ తీస్తే నాకు పని ఎక్కువ దొరుకుతుంది. అయినా చెబుతున్నా, మొత్తం తీయక్కర్లేదు. ఈ ప్రశ్నను గది మొత్తానికి కలిపి అడగడం వల్లే గొడవ. సింక్ వైపు వేరు, పొయ్యి వైపు వేరు.

సింక్ వైపు బండలు అలాగే ఉంచండి. ముందు అల్యూమినియం ఫ్రేమ్ షట్టర్లో, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) షట్టర్లో వేయించండి, నీళ్లకు ఉబ్బవు. డబ్ల్యూపీసీలో స్క్రూ పట్టు ప్లై అంత ఉండదు కాబట్టి షట్టర్ పొడవును బట్టి ఒక హింజ్ ఎక్కువ వేయమనండి.

పొయ్యి వైపు సొరుగులు బండల మధ్యే పెట్టవచ్చు. గ్రానైట్ బరువు నిలువు బండల మీద ఉంటుంది. మధ్యలో అరగా ఉన్న అడ్డ బండ మామూలుగా ఆ బరువు మోయదు. మీ ఇంట్లోనూ అంతేనని మేస్త్రి చూసి చెప్పాక దాన్నొక్కదాన్ని మెషిన్‌తో కోసి తీయిస్తే చాలు. అంగుళం మందం ఉన్న బండకు చానెల్ (సొరుగు జారే పట్టా) స్క్రూలు నేరుగా కొట్టనివ్వకండి, అంచు దగ్గర పెచ్చు లేస్తుంది. రెండు వైపులా 18 ఎంఎం ప్లై పలక నిలబెట్టి, చానెళ్లు దానికి బిగించాలి. పలక, చానెల్ కలిపి రెండు పక్కలా దాదాపు రెండున్నర అంగుళాలు పోతాయి. గూడు 20 అంగుళాలుంటే సొరుగు పదిహేడున్నర వస్తుంది.

అసలు జాగ్రత్త కొలతలో ఉంది. పాత మేస్త్రీలు బండలు కంటిచూపుతో నిలబెట్టారు. ముందు 20 ఉన్న గూడు వెనక పందొమ్మిదిన్నరే ఉండవచ్చు. ముందు, వెనక, పైన, కింద అన్నీ కొలిచి, అన్నిటికన్నా తక్కువ కొలతకు సొరుగు చేయించాలి. రెడీమేడ్ బుట్టలు కొని తెచ్చాక ఇది తెలిస్తే టెన్షన్ తప్పదు. ఇంకొకటి, మనది సముద్రపు గాలి. హింజులు, చానెళ్లు, బుట్టలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి దొరికితే అవే తీసుకోండి. మామూలు పూతవి తొందరగా తుప్పు పడతాయి.

మూలపేట టీచరమ్మ
అందరూ అరల గురించే మాట్లాడుతున్నారు, గట్టు ఎత్తు ఎవరూ అడగలేదు. పగలగొట్టడానికి నా దృష్టిలో సరైన కారణం అదొక్కటే. అరలు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బండలు ఉంచుకుంటే ఎత్తు మాత్రం ఎప్పటికీ మారదు.

అమ్మాయీ, చెప్పుల్లేకుండా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిపించుకో. అందులోంచి నాలుగైదు అంగుళాలు తీసేస్తే నీకు కూరగాయలు తరగడానికి సరిపోయే ఎత్తు వస్తుంది. పొయ్యి దగ్గర ఇంకొంచెం తక్కువైనా మంచిదే, ఎందుకంటే గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె ఎత్తు కలుస్తాయి. చేపల పులుసు దబర లోపల ఏముందో తొంగి చూడాల్సి వస్తే భుజాలు పట్టేస్తాయి. సింక్ దగ్గర దీనికి తిరగేసి చూడాలి. తొట్టి కిందికి ఉంటుంది కాబట్టి గట్టు మరీ తక్కువైతే అంట్లు తోమేటప్పుడు నడుం పోతుంది. ఇంట్లో ఎక్కువ వంట ఎవరు చేస్తారో వాళ్ల కొలతే తీసుకోండి, మగవాళ్లది కాదు. మీ అత్తయ్య కూడా రోజూ పొయ్యి దగ్గర నిలబడుతుంటే ఆమెదీ కొలవండి.

పెన్నా గట్టు (నెల్లూరు)
టీచరమ్మ గారూ, కొలిపించుకున్నాను. నేల నుంచి నా మోచెయ్యి 39 అంగుళాలు, గట్టు 33. మా అత్తయ్య నాకన్నా కొంచెం పొట్టి, ఆమెకు ఇంకా నప్పుతుంది. మీ లెక్కకు నాకు ఒకటి రెండు అంగుళాలే తక్కువ, అంటే ఎత్తు కోసం పగలగొట్టాల్సిన పని లేదు. ఉలీ బాడిసా అన్న చెప్పినట్టు సింక్ వైపు షట్టర్లు, పొయ్యి వైపు సొరుగులు అనుకుంటున్నాం. అత్తయ్య ఒక్క అడ్డ బండ కోయడానికి సరేనన్నారు. మా ఆయనకు మాత్రం సగం అదీ సగం ఇదీ అయితే చూడటానికి బాగుండదని బెంగ. ఇంకో సందేహం, కొందరు గట్టు పైన కూడా కడప బండే వేసుకోమంటున్నారు, చవకని.

చీమకుర్తి రాయి
పైన వద్దమ్మా. కడప బండ సున్నపురాయి జాతిది. చింతపండు పులుసు, నిమ్మరసం పడి కాసేపు ఆగితే పాలిష్ పోయి మచ్చ మిగులుతుంది. నెల్లూరు వంటలో చింతపండు పడని రోజు ఉంటుందా? కింద అరలకు దానికి సాటి లేదు, పైన మీ గ్రానైటే ఉంచుకోండి. బండ గోడకు కలిసే చోట పగుళ్లుంటే షట్టర్లు బిగించే ముందే పూడ్పించండి, బొద్దింకలు చేరేది అక్కడే.

ఒంగోలు కోడలు
ఎత్తు సరిపోయిందంటే నేనూ పగలగొట్టమని పట్టుబట్టను. బయటికి కనిపించే షట్టర్లు, సొరుగుల ముఖాలు ఒకే రంగు సన్‌మైకా షీటుతో చేయించండి, లోపల రాయో చెక్కో ఎవరికీ తెలియదు, మీ ఆయన బెంగ తీరుతుంది. కానీ ఎల్ మూల సంగతి ఎవరూ మాట్లాడలేదు. మాడ్యులర్‌లో అయితే తిరిగే బుట్టలు పెట్టి మూలను కూడా వాడుకోవచ్చు, బండల్లో అది చీకటి గుహలాగే మిగిలిపోతుంది. ఈ విషయంలో నా మాట మారదు.

ఉలీ బాడిసా (కావలి)
మూల సంగతి నిజమే, బండల్లో దానికి మంచి దారి లేదు. ఏడాదికోసారి తీసే పెద్ద గుండిగలు అక్కడ పెట్టుకోవడమే. ఆ తిరిగే బుట్టల్లో మాత్రం చవకవి కొనొద్దు, బరువుకు ఒరిగిపోతాయి.

పెన్నా గట్టు (నెల్లూరు)
మూలలో గ్యాస్ సిలిండర్ పెట్టి షట్టర్ వేసేద్దామా? బయట కనిపించకుండా ఉంటుంది.

ఉలీ బాడిసా (కావలి)
వద్దక్కా. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే నిలుస్తుంది. మూల మూసేస్తే బయటికి పోయే దారి ఉండదు. పైగా రెగ్యులేటర్ కట్టడానికి చెయ్యి కూడా సరిగా అందదు. పొయ్యి పక్కన నేరుగా తెరుచుకునే గూడులో నిలువుగా పెట్టండి. ఆ గూటికి తలుపు లేకపోతేనే మంచిది. తప్పదంటే జాలీ తలుపు వేయించండి, జాలీ నేల దాకా ఉండాలి. పని మొదలయ్యే ముందు గూళ్ల కొలతలు ఇక్కడ పెట్టండి, ఏ గూటికి ఎంత సొరుగు వస్తుందో రాసిస్తాను.