బడిలో వాలంటీర్లకు అనుమతి: కమిటీ తీర్మానం సరిపోతుందా?

విశాఖ ఆరిలోవలో మా కాలనీవాళ్లం కొందరం దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, శనివారం 3 నుంచి 4 వరకు పిల్లల చేత తెలుగు చదివించేవాళ్లం. పాత హెడ్మాస్టరు నోటిమాటగా ఒప్పుకున్నారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన మేడం రాతపూర్వక అనుమతి కావాలన్నారు. పిల్లల భద్రత దృష్ట్యా అది సబబే. పై ఆఫీసులో అర్జీ ఇచ్చాం, జవాబు లేదు. బడులకు వాలంటీర్లను కలిపే కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైట్ ‘విద్యాంజలి’ పోర్టల్‌లో నమోదయ్యాం; అక్కడా బడి ఆమోదించాలి, అది పెండింగ్‌లోనే ఉంది. వత్తు కనబడితే ఆగిపోయే నాలుగో తరగతి పాప ‘ఉత్తరం’, ‘పుస్తకం’ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది, ఇంతలో ఇలా అయింది.

విద్యాహక్కు చట్టం, 2009 కింద ఉన్న పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం చేస్తే అనుమతికి అది సరిపోతుందా, లేక మండల విద్యాశాఖాధికారి సంతకం కూడా కావాలా?