నాలుగు పౌండ్లు తక్కువైతే గెలుపు తీసేస్తారా? (శనివారం రాత్రి టెక్, అంటే కారు తనిఖీ దగ్గర గొడవ)

సివిక్_శీను (ఆదివారం, తెల్లవారుజామున 1:12)

నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా. నార్త్ కరొలైనాలో మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఒక చిన్న ఓవల్ ట్రాక్ ఉంది, పేరెందుకులెండి. చుట్టు 0.4 మైలు. నేనూ మా అక్క కొడుకూ కలిసి ఒక పాత హోండా సివిక్‌ని అక్కడ నాలుగు సిలిండర్ల క్లాసులో మూడేళ్లుగా దింపుతున్నాం. వారమంతా డేటాబేసులు, శనివారం గ్రీజు. నిన్న మొదటిసారి గెలిచాం. 30 ల్యాపుల రేసు.

గెలిచిన ఆనందం స్కేలు దాకానే. రూలు ప్రకారం రేసయ్యాక డ్రైవర్‌తో కలిపి 2,300 పౌండ్లు ఉండాలి. రేసుకు ముందు మాది 2,315. తర్వాత 2,296. నాలుగు పౌండ్లు తక్కువని డిస్‌క్వాలిఫై చేశారు. 22వ ల్యాపులో ఒకాయన వెనక నుంచి గుద్దితే మా వెనక బంపర్ ఊడి గడ్డిలో పడింది. మావాడు దాన్ని చంకలో పెట్టుకుని స్కేలు దాకా పరిగెత్తుకొచ్చాడు. "తగిలించి తూచండి సార్" అంటే కుదరదన్నారు. వాడు ఆ బంపర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, నాకు అదే కళ్లలో ఆడుతోంది.

ఎవడో గుద్దినదానికి శిక్ష మాకా? ఇది న్యాయమా చెప్పండి.

లెఫ్ట్‌టర్న్_లావణ్య

బంపర్ బరువెంత?

సివిక్_శీను

ఇంటికొచ్చాక బాత్రూమ్ స్కేలు మీద చూశా. ఏడు పౌండ్లు. అంటే తగిలిస్తే 2,303. పాస్!

కొలత_ప్రకారం

"తగిలిస్తే" అన్న దగ్గరే మీ వాదన అయిపోయింది శీను గారూ. కారు గీత దాటినప్పుడు ఎలా ఉందో అలాగే స్కేలు ఎక్కాలి. ఊడినవన్నీ ఏరుకొచ్చి తగిలించుకోవచ్చంటే, ట్రాక్ మీద పడ్డ సగం సామాను ఎవరిదో ఎవరికి తెలుసు? ఇంకొకడు రేపు పక్క కారు బంపర్ తెచ్చి నాదే అంటాడు.

లెక్క చూడండి. మీరు పెట్టుకున్న మార్జిన్ 15 పౌండ్లు. పెట్రోలు గాలన్‌కి సుమారు ఆరు పౌండ్లు. కాషన్ ల్యాపులతో (ప్రమాదం జరిగినప్పుడు నెమ్మదిగా తిరిగేవి) కలిపి రెండు గాలన్లు తాగి ఉంటుంది, అంటే 12 పోయాయి. మిగిలింది మూడు పౌండ్లు. షార్ట్ ట్రాక్ మీద మూడు పౌండ్ల మార్జిన్‌తో దిగడం అంటే దెబ్బ తగలదని పందెం కాయడమే. పందెం ఓడిపోయారు.

2024లో ఫార్ములా వన్ బెల్జియం గ్రాండ్ ప్రీలో జార్జ్ రస్సెల్ గెలిచాడు. పెట్రోలు తీసేసి తూస్తే 796.5 కిలోలు, ఉండాల్సింది 798. కిలోన్నర. గెలుపు హామిల్టన్‌కి పోయింది. అంత డబ్బున్న టీమే తల వంచుకుని వెళ్లింది.

సివిక్_శీను

రస్సెల్‌కి ఎవరూ బంపర్ ఊడగొట్టలేదు కదా సార్. పైగా పక్క కౌంటీ ట్రాక్‌లో ల్యాపుకి ఒక పౌండు చొప్పున పెట్రోలు అలవెన్స్ ఇస్తారు. 30 ల్యాపులకి 30 పౌండ్లు. అక్కడైతే మా కారు హాయిగా పాస్. ఒక ఊళ్లో గెలుపు, పది మైళ్ల అవతల మోసమా?

కొలత_ప్రకారం

మీరు రేసు చేసింది పది మైళ్ల అవతల కాదు. ఈ ట్రాక్ రూల్ షీట్‌లో అలవెన్స్ అన్న మాటే లేదు. సంతకం పెట్టి లోపలికొచ్చారు.

ఒంగోలు_గిత్త

మా ఊళ్లో బండలాగుడు పోటీలకి గిత్త నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్ల విభాగంలో నాలుగు పళ్లది దింపితే ఎంత పెద్దాయన గిత్తయినా వెనక్కే. దానికీ ఇంతే గొడవ.

టైరు_మామ

పిల్లలూ, ఈ గొడవ కొత్తది కాదు. నాస్కార్ (అమెరికాలో పెద్ద కారు రేసుల సంస్థ) వాళ్ల స్ట్రిక్ట్‌లీ స్టాక్, అంటే కంపెనీ ఇచ్చిన కారుని మార్చకుండా దింపే పోటీ, దాని మొదటి రేసే ఇలా ముగిసింది. 1949 జూన్ 19న షార్లెట్‌లో ముప్పావు మైలు మట్టి ట్రాక్. గ్లెన్ డనవే మూడు ల్యాపుల ఆధిక్యంతో గెలిచాడు. తర్వాత కారు కింద చూస్తే వెనక స్ప్రింగులు గట్టిపడేలా సవరించి ఉన్నాయి. ఆ కారు అంతకుముందు దొంగసారా మోసేది, సరుకు బరువుకి కుంగకుండా ఆ ఏర్పాటు. గెలుపు తీసేసి కాన్సాస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌కి ఇచ్చారు. కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్లండ్ 10,000 డాలర్లకి కోర్టుకెక్కాడు. జడ్జి కేసు కొట్టేశాడు. రూలు పెట్టే హక్కు, అమలు చేసే హక్కు నిర్వాహకులదేనని ఆ రోజే తేలిపోయింది.

అలాగని నేను రూలు మనిషిని అనుకోకండి. రూలు సందుల్లో దూరే పాతకాలం నాస్కార్ మెకానిక్ స్మోకీ యూనిక్ అంటే నాకు ప్రాణం. పెట్రోల్ ట్యాంకు ఎంతుండాలో రూలు చెప్పింది గానీ గొట్టం సంగతి చెప్పలేదని, రెండంగుళాల లావు గొట్టం 11 అడుగులు చుట్టి పెట్టాడట. ఐదు గాలన్లు అందులోనే పట్టేదట!

కొలత_ప్రకారం

మామా, ఐదు పట్టదు. రెండంగుళాల వ్యాసం, 132 అంగుళాల పొడవు అంటే 415 ఘనపు అంగుళాల లోపే. గాలన్‌కి 231. ఒకటీ ముప్పాతిక గాలన్లు, కాస్త పైన.

టైరు_మామ

నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్న కథని ఒక్క లైనులో చంపేశావు కదయ్యా.

సివిక్_శీను

ఇదిగో ఇదే రోగం. మనిషి ఏడుస్తుంటే గొట్టంలో గాలన్లు లెక్కపెడుతున్నారు.

హెయిర్‌పిన్_హైదరాబాద్

నేను కళ్లారా చూసిన రేసు 2023లో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ ఒక్కటే. ఒక డౌటు. రేసు చూసి ఇంటికెళ్లిపోయిన జనానికి గెలిచినవాడు మారిపోయాడని ఎలా తెలుస్తుంది?

లెఫ్ట్‌టర్న్_లావణ్య

మర్నాడు ఫేస్‌బుక్‌లో. కింద నాలుగు వందల కామెంట్లతో.

టైరు_మామ

ఫ్లోరిడాలో పెన్సకోలాలో జరిగే స్నోబాల్ డెర్బీ చూడాలి మీరు. అక్కడ టెక్ షెడ్‌ని 'రూమ్ ఆఫ్ డూమ్' అంటారు. 2013లో చేజ్ ఎలియట్ మొదట గీత దాటాడు, కారులో రూలు ఒప్పుకోని టంగ్‌స్టన్ బరువు దొరికింది, గెలుపు ఎరిక్ జోన్స్‌కి పోయింది. 2015లో క్రిస్టఫర్ బెల్ మొదట గీత దాటితే, అతన్ని తీసేశాక అదే ఎలియట్‌కి వచ్చింది. దేవుడు లెక్క సరిచేశాడని అప్పుడు నవ్వుకున్నాం.

సివిక్_శీను

మామా, మీరు చెప్పినవన్నీ కావాలని చేసినవి. సారా స్ప్రింగులు ఒకరు పెట్టారు, టంగ్‌స్టన్ ఒకరు పెట్టారు. నేనేం పెట్టాను? నా దగ్గరున్నది పోయింది! తేడా లేదా?

కొలత_ప్రకారం

లేదు. స్కేలుకి ఉద్దేశం కనపడదు, అంకె ఒక్కటే కనపడుతుంది. ఉద్దేశం చూడమంటే ఎవరి ఉద్దేశం మంచిదో ఎవరు తేలుస్తారు? టెక్‌లో ఉన్నవాడికి తెలిసినవాళ్లందరి ఉద్దేశమూ మంచిదే అవుతుంది.

సివిక్_శీను

ఆహా. తెలిసినవాళ్ల సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెప్తా. నా తర్వాత వచ్చి, ఇప్పుడు విన్నర్ అయినాయన నాలుగేళ్లుగా ఛాంపియన్. ఆయన కారు స్ట్రెయిట్‌లో మా అందరికంటే రెండు కారు పొడవులు ఎక్కువ లాగుతుంది. స్టాక్ క్యామ్ (ఇంజన్ వాల్వులు తెరిచే కడ్డీ, కంపెనీ ఇచ్చినదే) అట! మా మేనల్లుడికి కూడా తెలుసు అది స్టాక్ కాదని. ఆయన కారు స్కేలెక్కింది, దిగింది, ట్రెయిలర్ ఎక్కింది. వాల్వ్ కవర్ మీద ఎవరైనా చెయ్యి వేశారా? ఆయన బంధువులు ట్రాక్‌కి స్పాన్సర్లు. నేను 'డేటాబేస్ ఇండియన్'ని. పిట్స్‌లో నా పేరు కూడా సరిగా పలకరు, 'శ్రీ' అని పిలుస్తారు, మూడేళ్లుగా.

నాలుగు పౌండ్లు కనపడతాయి మీకు, ఇంజన్‌లో యాభై గుర్రాల పవర్ కనపడదు.

కొలత_ప్రకారం

యాభై అనేది మీ ఊహ. అనుమానం ఉంటే ప్రొటెస్ట్ చేయాలి. 500 డాలర్లు నగదు, రేసయ్యాక 15 నిమిషాల్లోపు. ఇంజన్ విప్పుతారు. తప్పుంటే మీ డబ్బు మీకు, లేకపోతే ఆయనకి. మీరు ప్రొటెస్ట్ చేయలేదు.

సివిక్_శీను

జేబులో 180 ఉన్నాయి! అయినా నేను ప్రొటెస్ట్ చేయలేదని మీకెలా తెలుసు? నేనిక్కడ రాయలేదే.

లెఫ్ట్‌టర్న్_లావణ్య

నాకూ అదే అనిపించింది.

కొలత_ప్రకారం (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

సరే, దాచి లాభం లేదు. నిన్న రాత్రి స్కేలు దగ్గర అట్ట పట్టుకుని 2,296 అని రాసింది నేనే. ఈ సీజన్ నుంచి టెక్‌లో వలంటీర్‌గా చేస్తున్నా. టోపీ, మాస్క్ పెట్టుకుని ఉన్నాను, మీరు గుర్తుపట్టలేదు.

సివిక్_శీను

మీరా?

తెలుగువాడై ఉండి? మావాడు బంపర్ పట్టుకుని మీ ముందే కదా నిలబడింది. "సార్ సార్" అంటున్నాడు కదా. ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేకపోయారా? రేసుకి ముందు తూచింది కూడా మీరేనా? 15 పౌండ్లు చాలవని అప్పుడే ఒక మాట చెప్తే మీ సొమ్మేం పోయేది?

ఒంగోలు_గిత్త

ఇప్పుడు అసలు బండ కదిలింది.

కొలత_ప్రకారం

ముందు తూచింది కూడా నేనే. చెప్పాలనిపించింది, చెప్పలేదు. మీ ఒక్కరికి చెప్తే పక్కనున్న ఎనిమిది మందికీ చెప్పాలి. చెవిలో తెలుగులో చెప్తే వాళ్లకి అర్థం కాదు, కానీ చెప్పానన్నది కనపడుతుంది. నేను అక్కడ కొత్త. మనవాణ్ణి చూసీ చూడనట్టు వదిలేశాడన్న మాట ఒక్కసారి పడితే ఇంక ఆ అట్ట నా చేతిలో ఉండదు.

మీకు తెలియని సంగతి ఇంకొకటి. మా అమ్మాయి ఇంకో చోట బాండొలేరో (పిల్లల చిన్న రేసు కారు) నడిపేది. ఒక సీజన్ చివరి రేసులో రెండోది వచ్చింది. గెలిచిన కారు టైర్ల దగ్గరికి వెళ్తే ముక్కు మండేంత మందు వాసన. రబ్బరు మెత్తబడటానికి పూశారని చిన్నపిల్లలకి కూడా తెలుస్తోంది. టెక్ ఆయన మోకాలి మీద కూర్చుని టైరు చూసి, లేచి, బొటనవేలు పైకెత్తాడు. వాళ్లూ ఆయనా ఒకే చర్చికి వెళ్తారు. ఇంటికొస్తుంటే మా అమ్మాయి వెనక సీట్లోంచి "నాన్నా, వచ్చేసారి మనమూ పూద్దామా?" అంది. సమాధానం చెప్పలేకపోయాను. రెండు నెలల్లో కారు అమ్మేశాం.

అందుకే అట్ట పట్టుకున్నా.

సివిక్_శీను

మీ అమ్మాయి సంగతి చదివి బాధేసింది. నిజంగా. కానీ నేనడిగేది కూడా అదే కదా. ఆ చర్చి ఆయన చేసిందీ, ఇక్కడ ఛాంపియన్ ఇంజన్ ముట్టుకోకపోవడమూ ఒకటి కాదా?

లెఫ్ట్‌టర్న్_లావణ్య

కొలత గారూ, సూటిగా ఒకటి అడుగుతా. ఈ సీజన్‌లో ఆ క్లాసులో ఎన్ని ఇంజన్లు విప్పి చూశారు?

కొలత_ప్రకారం (ఆదివారం, సాయంత్రం 6:05)

ఒక్కటీ లేదు.

వాల్వ్ కవర్ తీసి, డయల్ గేజి పెట్టి క్యామ్ లిఫ్ట్ (వాల్వుని ఎంత ఎత్తుతోందో) చూడటానికి అరగంట చాలు. నా గేజి నా కారులోనే ఉంటుంది. మే నెలలో అడిగాను. ప్రమోటర్ ఏమన్నాడంటే, ఆ క్లాసులో వచ్చేవి తొమ్మిది కార్లు, మూడు ఆ కుటుంబానివే. వాళ్లు అలిగి వెళ్లిపోతే ఆరు కార్ల రేసుకి టికెట్ ఎవరు కొంటారు, స్కేలు చూసుకో చాలు అన్నాడు. నేను స్కేలు చూసుకుంటున్నా.

టైరు_మామ

ఇదే అన్నిచోట్లా. స్కేలుకి ఖర్చు లేదు, అందరి ముందూ న్యాయంగా కనపడుతుంది. ఇంజన్ విప్పితే మనుషులు విడిపోతారు. ప్రమోటర్‌ని కూడా తిట్టలేను నేను, లైట్ల కరెంటు బిల్లు ఆయనే కట్టాలి.

సివిక్_శీను

తిట్టండి మామా, కరెంటు బిల్లు నా ఎంట్రీ ఫీజులో కూడా ఉంది.

కొలత గారూ, ఉదయం నుంచి "రూలు రూలు" అని నన్ను నమిలారు. రూలు సగమే నడుస్తోందని మీకు మే నుంచి తెలుసు. మొదటి పోస్టులోనే ఆ ముక్క రాసి ఉంటే నేనింత గింజుకునేవాణ్ణి కాదు.

కొలత_ప్రకారం

అది నిజం. అయినా మీరు నాలుగు పౌండ్లు తక్కువే.

సివిక్_శీను

తక్కువే. ఒప్పుకుంటున్నా. నా మార్జిన్, నా తప్పు. చాలా?

వచ్చే శనివారం 500 నగదు తెస్తున్నా. ఆయన నా ముందొచ్చినా వెనకొచ్చినా కాగితం ఇస్తా. ఇంజన్ విప్పేటప్పుడు అట్ట మీరే పట్టుకోవాలి.

కొలత_ప్రకారం

15 నిమిషాలు దాటితే తీసుకోరు, డబ్బు విడిగా కవర్‌లో పెట్టుకో. గేజి తెస్తాను. ప్రమోటర్ నన్ను పంపించేస్తే గేజి మీ మేనల్లుడికిస్తా, వాడకం వాడికి నేర్పిస్తా. ఈలోగా కారులో ఇంకో 25 పౌండ్ల సీసం వెయ్యి, బోల్టులు డబుల్ నట్‌తో.

సివిక్_శీను

నా పేరు శ్రీనివాస్. అట్ట మీద కూడా 'శ్రీ' అనే ఉంది, చూశాను.

కొలత_ప్రకారం

మారుస్తా.

రాలీ_రమణ

ఇప్పుడే చూశా ఈ థ్రెడ్. మొత్తం చదవలేదు. నా గ్యారేజీలో అదే మోడల్ సివిక్ వెనక బంపర్ ఒకటి పడుంది, ఒక పక్క కాస్త పగిలింది. రాలీ నుంచి వచ్చి తీసుకెళ్తే ఊరికే ఇస్తా.