జంట నాట్యంలో ఈఎంజీ (కండరాల విద్యుత్ సిగ్నళ్ల కొలత): ఇద్దరి సిగ్నళ్లూ ఒకే క్షణాన లేస్తున్నాయి, నమ్మొచ్చా?

ప్రశ్న: జంటగా నాట్యం చేసేవాళ్ల కండరాల మీద మా ప్రాజెక్టు. ఇద్దరికీ వీపు మీద, ముంజేతి మీద సెన్సర్లు అతికించాం. అడుగడుక్కీ ఇద్దరి సిగ్నళ్లూ ఒక్కసారే లేస్తున్నాయి. ఇద్దరి కండరాలకీ పొందిక కుదిరిందని మా గైడ్ గారు సంబరపడుతున్నారు, నాకేమో గుబులుగా ఉంది. ఏం చూడాలండీ?

జవాబు: గుబులు పడాల్సిందే. నునుపు చేసిన గీత పక్కనపెట్టి ముడి సిగ్నల్ తెరవండి. కండరం పనిచేస్తే గీత ముళ్లకంచెలా దట్టంగా ఉంటుంది. సెన్సర్‌కి చెయ్యి తగిలితే మాత్రం ఒక పెద్ద దిమ్మ లేచి మెల్లగా దిగుతుంది. జంటలో అతని అరచెయ్యి ఆమె వీపు మీది సెన్సర్‌ని నొక్కిందనుకోండి, ఆ కుదుపు అతని ముంజేతి వైరుకీ తగులుతుంది. రెండు చోట్లా ఒకేసారి గుర్తు పడుతుంది. దాన్ని పొందిక అనుకుంటే మోసపోయినట్టే. 20 హెర్ట్జ్ కింద ఉన్నది, అంటే సెకనుకి 20 సార్ల కంటే నెమ్మదిగా ఊగే భాగం, వడకట్టి తీసేసి మళ్లీ చూడండి. గట్టి తాకిడి అప్పటికీ మిగులుతుంది కాబట్టి ఈసారి చెయ్యి పడని చోట అతికించండి.

ప్రశ్న అడిగినవారు: వడకట్టాను. వీపు దిమ్మలు చాలావరకు పోయాయి! ముంజేతులు మాత్రం ఇంకా కలిసే లేస్తున్నాయి.

జవాబు: అది పాట పని కావచ్చు. తాళం ఇద్దరికీ ఒకటే కదా, ఒకరినొకరు పట్టించుకోకపోయినా తాళం దెబ్బ మీదే కండరాలు బిగిస్తారు. ఈ జంటలో అతన్నీ, అదే పాటకి ఆడిన వేరే జంటలో ఆమెనీ కలిపి లెక్కకట్టండి. ఈ ఉత్తుత్తి జంటల్లోనూ అంతే పొందిక వస్తే మీ దగ్గర ఉన్నది తాళమే. అసలు జంటల్లో ఎంత ఎక్కువ వస్తే అంతే మీ ఫలితం.

మరొకరు: ఎవరు ఎక్కువ బలం పెట్టారని మైక్రోవోల్టులు పోల్చకండి. చర్మం కింది కొవ్వు, సెన్సర్ పెట్టిన చోటు బట్టి అంకె మారిపోతుంది. ఎవరి గరిష్ఠ బిగింపులో వాళ్లది ఎంత శాతమో చూడండి. ఇద్దరివీ వేర్వేరు యంత్రాలా?

ప్రశ్న అడిగినవారు: అవునండీ, వేర్వేరే. మొదట్లో ఒకేసారి బటన్ నొక్కాం.

మరొకరు: అది చాలదు. రెండు గడియారాలూ పోనుపోను జరుగుతాయి. పాటకి ముందోసారి, అయ్యాక ఇంకోసారి రెండింటికీ ఒకే ట్రిగ్గర్ (రెండు ఫైళ్లలోనూ గుర్తు పడే సంకేతం) ఇవ్వండి. ఆ రెండు గుర్తుల మధ్య నిడివి రెండు ఫైళ్లలో తేడా వస్తే, ఒకదాన్ని సాగదీసి సరిచేశాకే ఎవరు ముందు కదిలారో మాట్లాడండి.