పరుగు బదులు మాత్ర వస్తే మంచిదేనా?

పెన్నాగట్టు: నెల్లూరులో మా జిమ్‌కొచ్చే ఒక కుర్రాడు నిన్న చిన్న సీసా చూపించాడు. పైన ఎస్‌ఎల్‌యూ-పీపీ-332 అనీ, కింద చీమ తలకాయంత అక్షరాల్లో పరిశోధనకు మాత్రమే అనీ ఉంది. ట్రెడ్‌మిల్ ఎక్కకుండానే పరిగెత్తినంత ఫలితమంట. వద్దురా అంటే నీకు తెలీదులే అన్నాడు. మీరేమంటారు?

ఒంగోలు_గిత్త: ఎందుకొద్దన్నా? 2023లో ఫ్లోరిడా యూనివర్సిటీలో థామస్ బరిస్ వాళ్లు లావెక్కిన ఎలుకలకి రోజుకి రెండుసార్లు చొప్పున నెల రోజులు ఇదే ఇస్తే బరువు 12 శాతం తగ్గింది. తిండి తగ్గలేదు, తిరుగుడు పెరగలేదు. కసరత్తు చేసినప్పుడు కండలో మేల్కొనే ఈఆర్ఆర్ రిసెప్టర్లని (కణాల్లో స్విచ్చుల్లాంటి ప్రొటీన్లు) ఈ మందు కూర్చోబెట్టే మేల్కొలుపుతుంది, కండ కొవ్వుని కాల్చుకుంటుంది. పొద్దున కుర్చీలో కూర్చుంటే రాత్రికి లేచే నాలాంటోడు కొత్తపట్నం బీచ్‌లో పరిగెత్తేదెప్పుడు?

కావలి_ఫిజియో: తమ్ముడూ, ఆ ఎలుకలకి ఇచ్చింది మాత్ర కాదు, సూది. కార్డరిన్ అని కసరత్తు బదులు పనిచేస్తుందన్న ఇంకో మందు వచ్చినప్పుడూ ఇదే సందడి. గ్లాక్సో మందుల కంపెనీ వాళ్లు దాన్ని 2007లో పక్కన పడేశారు, జంతువుల్లో పలు అవయవాల్లో కేన్సర్ గడ్డలు కనపడ్డాయని. 2009లో ఆటల్లో డోపింగ్‌ని అడ్డుకునే ప్రపంచ సంస్థ వాడా నిషేధించింది, 2013లో ఆరోగ్యానికి ముప్పని విడిగా హెచ్చరించింది కూడా. అయినా సీసాలు దొరుకుతూనే ఉన్నాయి.

ఒంగోలు_గిత్త: అక్కా, కార్డరిన్ పట్టుకునేది పీపీఏఆర్ డెల్టా అనే ఇంకో రిసెప్టర్‌ని, ఇది వేరే. వాడి తప్పు వీడికి అంటగడితే ఎట్టా?

కావలి_ఫిజియో: వేరే, ఒప్పుకుంటా. కానీ ఆ గడ్డలు బయటపడింది రెండేళ్ల పరీక్షలో, నీ ఎలుకలకి గడిచింది నెల. పైగా కండ కొవ్వు కాల్చడం ఒక్కటే కసరత్తా? ఎముక మీద బరువు పడాలి, తూలకుండా నిలబడటం కాళ్లకి అలవాటవ్వాలి, అవి సీసాలో రావు. అట్టని పూర్తిగా వద్దనను. తుంటి విరిగి మంచాన పడ్డ ఒక పెద్దామెకి వారం వారం తొడ చుట్టుకొలత టేపుతో చూస్తున్నా, పోయినసారికి ఇప్పటికి సెంటీమీటరున్నర తగ్గింది. ఆమెని లేచి నడవమని ఎవరు చెప్తారు? అలాంటోళ్ల కోసం పరీక్షలు సరిగ్గా జరగాలి. నీకు మాత్రం కాళ్లున్నాయి గదా!

ఉలవపాడు_మామిడి: వయసు తగ్గిస్తుందని కొందరు షుగర్ లేకపోయినా మెట్‌ఫార్మిన్ మింగుతున్నారు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో 65 దాటినోళ్ల చేత బరువులు ఎత్తిస్తే, ఆ మాత్ర వేసుకున్నోళ్లకి కండ తక్కువ పెరిగింది. అంటే మందూ కసరత్తూ కలిస్తే రెట్టింపు లాభం అనే లెక్క కూడా తప్పే. (షుగర్ ఉన్నోళ్లు ఇది చదివి మాత్ర మానేయకండి బాబూ.)

ఒంగోలు_గిత్త: సరే, సీసా కొననులే. మనుషుల మీద పరీక్షలు అయ్యాక వస్తే మాత్రం ముందు లైన్లో నేనే.

పెన్నాగట్టు: ఇదంతా కుర్రాడికి చదివి వినిపించా. రోజుకి ఎంత వేసుకోవాలో సీసా మీద ఉందా అనడిగితే తిప్పి తిప్పి చూశాడు, లేదు. మరి నువ్వెంత వేసుకుంటున్నావురా అంటే, డ్రాపర్‌లో సగానికి కొంచెం కింద అన్నాడు.